తుపాకి మీద లేని పేరు

నాటు తుపాకి కనిపిస్తే అందరూ అడిగేది ఒక్కటే, ఎవరిదీ అని. ఎవరు చేశారని అడిగేవాళ్లు తక్కువ. మా ఊళ్లో ఒక పెద్దాయన పోయాక ఆయన లైసెన్సు తుపాకిని కొడుకు స్టేషన్లో అప్పజెప్పాల్సి వచ్చింది. మూతి నుంచి మందు కూరే ఒక్క గుండు తుపాకి. అడవిపందుల నుంచి చేను కాచుకోవడానికి ఉంచుకున్నది. ముందురోజు నన్ను పిలిచి, "దీన్ని చేసిందెవరో తెలుసుకోగలమా మాస్టారూ?" అన్నాడు.

కొన్ని దేశాల్లో ఇలా తెలుసుకోవడం ఒక విద్య. అమెరికాలో ఒకప్పుడు ఒక్క గుండు రైఫిళ్లతో గురి పోటీలు జోరుగా జరిగేవి. పోటీదారు కంపెనీ రైఫిల్ కొని, గొట్టం తీయించి, పేరున్న పనివాడి చేత కొత్తది వేయించుకునేవాడు. కర్ర ఇంకొకరు చెక్కేవారు. కంపెనీ పేరు దగ్గరే ఆగిపోతే అసలు పనివాడు దొరకడు. అందుకే కర్ర విప్పి లోపలి గుర్తులు వెతుకుతారు. గొట్టంలో గాడులెన్ని, ఎటు తిరిగాయని చూస్తారు. హ్యారీ పోప్ గొట్టమైతే ఎనిమిది గాడులు, ఎడమవైపు తిరుగుడు. ఆయన గొట్టం మీద తన పేరు కూడా కొట్టేవాడు.

మా ముందున్న తుపాకి మీద ఏ అక్షరమూ లేదు. గొట్టాన్ని కర్రకు బిగించినవి ఇత్తడి పట్టీలు. ఒకదాని అంచు గుండ్రంగా మడత పడి ఉంది, ఏ పాత బిందె మూతినో కోసి ఉంటారు. మీట కింది ఇనప కాపు చివర పాము తోకలా సన్నబడి వెనక్కి తిరిగింది. ఆ తోక మీద మూడు ఆకురాయి గాట్లు. పనికి అక్కర్లేని గాట్లవి.

పక్కింటి ముసలమ్మ వంగి చూసింది. "ఈ తోక మా కత్తిపీటకూ ఉంది నాయనా." తెచ్చి పక్కన పెట్టాం. అదే తోక, అవే మూడు గాట్లు. తన పెళ్లికి కమ్మరి తాత చేసిచ్చాడట, రెండు కుంచాల చోళ్లకు.

ఏజెన్సీ కమ్మరులూ షెడ్యూల్డు తెగేనని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1922 ఆగస్టులో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి 26 తుపాకులు పట్టుకుపోయింది. సర్కారు రాసుకుంది గనుక ఆ లెక్క నేటికీ చెప్పుకుంటున్నాం. కొండ మీది కొలిమిలో పుట్టినవాటికి లెక్క రాసిందెవరు?

కమ్మరి తాత మనవడి దగ్గరికి వెళ్లాం. పేరు చెప్పాడు. వెంటనే, "పుస్తకంలో వేయకండి మాస్టారూ" అన్నాడు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి చేయడం నేరం. పోయినవాళ్ల మీద కేసు ఉండదని చెప్పాను. తల ఊపాడు గాని మెత్తబడలేదు. కొలిమి ఇప్పుడు నడుపుతున్నది తను. నన్నడిగితే ఆ భయం ఉత్తిది కాదు. పోప్ పేరు అచ్చయితే తుపాకి ధర పెరుగుతుంది, ఈ పేరు అచ్చయితే ఇంటికి పోలీసులొస్తారు. కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

తుపాకి వెళ్లిపోయింది. రసీదులో "నాటు తుపాకి 1" అని ఉంది. మా ఐదో తరగతి పిల్లలు కత్తిపీట తోక బొమ్మ గీసుకుని, ఇళ్లలో గొడ్డళ్లు, నాగటి కర్రులు తిరగేస్తున్నారు. మూడు గాట్లున్నవి ఇప్పటికి నాలుగు దొరికాయి.