ఉప్పుగాలిలో పద్మిని

విశాఖ సీతమ్మధారలో పాత కారు కొంటానని చెప్పగానే మా అక్క అడిగింది ఒక్కటే. "ఎక్కడ పెడతావురా?" ధర ఎంతనీ అడగలేదు, ఏ కారనీ అడగలేదు. డాబా ఇళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాక ఈ వీధుల్లో కారు కొనడం సులువే, దాన్ని నీడపట్టున నిలబెట్టడమే గగనం. ఫ్లాటుకు ఒక్క పార్కింగు. అందులో బావగారి కారు ఉండనే ఉంది. చివరికి పై అంతస్తువాళ్ళ జాగా అద్దెకు దొరికాకే మిగతా సంగతులు మాట్లాడుకున్నాం. ఈ ఊళ్ళో పాత కారుకు ఇంజిన్ ఆయిల్ కన్నా ముందు కావలసింది నెత్తిన కప్పు. సముద్రపు గాలిలో ఆరుబయట వదిలేసిన ఇనుము ఏమవుతుందో ఏ ఇంటి గేటును చూసినా తెలుస్తుంది.

ఏడాదిలో కొంతకాలం ఇంగ్లండులోని కోవెంట్రీలో, కొంతకాలం ఇక్కడ ఉంటాను. అక్కడ మా వీధిలో ఒకావిడ మోరిస్ మైనర్ అనే పాత కారు వేసుకుని కూరగాయలకు వెళ్ళొస్తుంది. ఆగి చూసేవాళ్ళెవరూ ఉండరు. బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటిన కారుకు రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులేవీ చేయకపోతే ఏటేటా చేయించాల్సిన తనిఖీ కూడా 2018 నుంచి తప్పనిసరి కాదు. రోజూ తిప్పుకోవచ్చు, ఎవరూ వద్దనరు. ఆవిడ బండిని చూసిచూసి నాకూ బుద్ధి పుట్టింది. విశాఖలో ఉన్నన్నాళ్ళూ రైతుబజారుకీ, మద్దిలపాలేనికీ, సాయంత్రం బీచికీ పాత బండి మీదే తిరగాలని. ఆదివారం తుడిచి ర్యాలీలో నిలబెట్టే కారు నాకు అక్కర్లేదు. సంచులు మొయ్యాలి, వానలో తడవాలి.

మన చట్టం దగ్గరకొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. కేంద్రం 2021 జులైలో వింటేజి వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నవాటికి నంబరులో 'వీఏ' అనే అక్షరాలిస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. దాని వెనకే ఒక షరతు. ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో తప్ప బండి రోడ్డెక్కకూడదు. ఇంటి పెద్దాయనకు శాలువా కప్పి, ఇక వీధిలోకి వెళ్ళొద్దని చెప్పినట్టుంది ఈ మర్యాద. రోజూ నడపాలనుకునేవాడు ఆ శాలువా జోలికి పోకూడదు. మామూలు రిజిస్ట్రేషన్‌నే బతికించుకోవాలి. పదిహేనేళ్ళు దాటిన కారుకు ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. గ్రీన్ టాక్సు వేరే. ఢిల్లీలో పెట్టినట్టు పదిహేనేళ్ళ పెట్రోలు కారును వయసు చూసి రోడ్డు మీంచి దించేసే నిబంధన మాత్రం మనకు లేదు. అదే పదివేలు.

ఇక ఏ కారు? మనసు స్టాండర్డ్ హెరాల్డ్ మీదికి పోయింది. దాని పుట్టిల్లు నేనుండే కోవెంట్రీయే. అక్కడి ట్రయంఫ్ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో కట్టారు. కానీ దాని సామాను ఇప్పుడు కోవెంట్రీలో దొరికినంత సులువుగా విశాఖలో దొరకదు. ప్రతి రబ్బరు బుష్షూ సూట్‌కేసులో తెచ్చుకుంటూ కూర్చుంటే కూరగాయలకెప్పుడు వెళ్ళను? తెలివైనవాడు కొనేది అంబాసిడర్. బెంగాల్లోని ఉత్తరపారాలో 2014 మే దాకా తయారైంది కనుక సామానుకు కొదవ లేదు, ఏ ఊళ్ళోనైనా చెయ్యి పెట్టే మెకానిక్ దొరుకుతాడు. ఎటొచ్చీ మా అద్దె పార్కింగు స్తంభాల మధ్య అది దూరదు. దూరినా దిగడానికి తలుపు తెరుచుకోదు. అలా మిగిలింది ప్రీమియర్ పద్మిని.

మిగిలిందని తీసిపారేశాను గాని, విశాఖకు దగ్గరి చుట్టం అదే. పద్మినిని బొంబాయి కుర్లాలో చేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను 1944లో పెట్టింది వాల్‌చంద్ హీరాచంద్. మన ఓడల కర్మాగారానికి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించిందీ ఆయనే. సింధియా అని ఇప్పటికీ పిలుస్తున్న పేట పేరు ఆయన ఓడల కంపెనీది. 1948లో నెహ్రూ నీళ్ళలోకి దింపిన 'జలఉష' ఆ యార్డుదే. ఇటలీ వాళ్ళ ఫియట్ 1100 మన దేశంలో పేర్లు మార్చుకుంటూ వచ్చి 1970ల్లో పద్మిని అయింది. పేరు మారినా మా ఇళ్ళల్లో దాన్ని ఫియట్ అనే అన్నారు. బుక్ చేసి ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన రోజులు మా పెద్దవాళ్ళకు బాగా గుర్తు.

నాకు దొరికింది 1991 మోడల్, ఏపీ 31 నంబరుది, ఒక విశ్రాంత ఉద్యోగి ఇంట్లో ఉన్నది. చూడ్డానికి కంచరపాలెం వైపు షెడ్డున్న ముసలి మేస్త్రిని వెంటబెట్టుకెళ్ళాను. నేను బానెట్ ఎత్తబోతే ఆయన ఆపేశాడు. "ఇంజినుదేటుంది బాబూ, పాడైతే ఇప్పి కడతాం. రేకు పోతే ఏటి సేస్తాం?" జేబులోంచి అయస్కాంతం తీసి తలుపుల అడుగున, చక్రాల పైన, డిక్కీలో స్టెప్నీ కింద ఆనించుకుంటూ పోయాడు. అంటుకోని చోటల్లా రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. పద్మినికి విడిగా చాసిస్ ఉండదు, రేకే దాని ఎముక. అందుకే నేల మీద మ్యాట్లు లేపి గోటితో గీరి చూడాలి. తర్వాత ఓనరుగారిని ఆయన అడిగిన ప్రశ్న ఈ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా వినపడదు. "హుద్‌హుద్‌లో బండెక్కడుందండీ?" 2014 అక్టోబరు 12న ఆ తుపానులో చెట్ల కింద నలిగి, మళ్ళీ రంగేసుకుని తిరుగుతున్న కార్లు ఆయన చేతిమీదుగా చాలానే వెళ్ళాయట. ఇది షెడ్డులో ఉందన్నారు. అయస్కాంతం కూడా ఔనంది. బేరం కుదిరింది. తర్వాతి బాగుచేతకు బండి ధరకన్నా ఎక్కువే అయింది, అదీ చెప్పాలి.

ఖర్చులో పెద్దభాగం పెట్రోలు తెచ్చిపెట్టిందే. ఈ ఇంజిన్లు పుట్టిన రోజుల్లో పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు. అది ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటును అరగనిచ్చేది కాదు. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం ఆపేశారు, ఆరోగ్యానికి మంచిదే. హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయిస్తే ఆ బాధ తీరుతుంది. ఇప్పుడు బంకులో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది, మన ఊళ్ళో తేమకేం తక్కువ! అందుకని పెట్రోలు పైపులూ, పంపులోని డయాఫ్రమ్మూ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించాను, కార్బొరేటర్‌లో జెట్టు మార్పించాను. పైపు మాత్రం కోవెంట్రీ నుంచే తెచ్చాను. దాంతోపాటు బండి అడుగున కొట్టే మైనం డబ్బా కూడా. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక పాత కార్లవాళ్ళు ఆ మైనం కొడతారు, బండిని వసంతం దాకా బయటికి తియ్యరు. ఇక్కడ ఉప్పు గాలిలోనే ఉంది, పన్నెండు నెలలూ. మేస్త్రికి నా మైనం మీద గురి కుదరలేదు. వాడేసిన ఇంజిన్ ఆయిలే మేలంటాడు. ఎడమవైపు నా మైనం, కుడివైపు ఆయన ఆయిల్ పెట్టాం. ఫలితం రెండు మూడు వర్షాకాలాలు పోతేగాని తెలియదు.

నడపడమా? గురుద్వారా జంక్షన్ దగ్గర హైవే దాటేటప్పుడు స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరుతో ఫస్టు నుంచి సెకండుకు వచ్చేలోపు వెనక పది హారన్లు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే కనుక ముందు బండికి దూరం ఉంచాలి. ఆ దూరంలోకి ఆటో వచ్చి చేరుతుంది. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలిస్తే పెట్రోలు పంపులోనే ఆవిరై ఇంజిన్ ఆగిపోతుంది. దానికి పాతకాలపు మందే, పంపు మీద తడిగుడ్డ. డిక్కీలో గుడ్డ, నీళ్ళ సీసా, ఫ్యాన్ బెల్టు, కాంటాక్ట్ పాయింట్ల సెట్టు ఎప్పుడూ ఉంటాయి. ఇవి పెట్టుకోలేనివాళ్ళు ఈ జోలికి రాకపోవడమే మంచిది. వారానికోసారి మంచినీళ్ళతో అడుగు కడిగి, తలుపుల కింద నీళ్ళు కారే చిల్లులు పూడిపోకుండా పుల్లతో పొడవాలి. రేవు వైపు నుంచి గాలి వీచిన రోజున బానెట్ మీద నల్లటి పొడి కూడా పడుతుంది. బొంబాయిలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో పూర్తిగా ఆగిపోయాయి. అవి తిరిగినన్నాళ్ళూ సామాను చవగ్గా దొరికేది. అందుకే కనిపించిన బ్రేకు సిలిండర్ కిట్టల్లా కొని అటక మీద దాస్తున్నాను. అక్కకు ఇదొక్కటే నచ్చలేదు.

వచ్చే నెల నేను కోవెంట్రీ వెళ్ళిపోతాను. నిలబెట్టేస్తే బ్రేకులు పట్టేస్తాయి, సీళ్ళు ఎండిపోతాయి, బ్యాటరీ చస్తుంది. మేనల్లుణ్ణి కూర్చోబెట్టి హ్యాండ్ గేరూ చోకూ నేర్పించాను. మొదట రివర్సు దొరక్క అపార్ట్‌మెంటు గేటు దగ్గర అరగంట నిలబడ్డాడు. ఇప్పుడు సింహాచలం దాకా వెళ్ళొస్తున్నాడు. వారానికోసారైనా కనీసం హనుమంతవాక దాకా తిప్పాలి, ఖాళీ టాంకులో చెమ్మ చేరుతుంది కనుక ఎప్పుడూ నిండుగా ఉంచాలి, ఇదీ ఒప్పందం. "మరి పెట్రోలు, మామయ్యా?" అన్నాడు. డబ్బు నాదే. స్నేహితుల్ని ఎక్కించుకుని భీమిలి వెళ్ళిన రోజుకు మాత్రం వాడిదే.