వే ప్రొటీన్ డబ్బా, కిడ్నీ రిపోర్టు

పాలు విరిగితే మిగిలే పచ్చటి తేటలోని మాంసకృత్తులను వేరుచేసి ఎండబెడితే వచ్చే పొడే వే ప్రొటీన్. పాలలోని ప్రొటీన్‌లో ఇది సుమారు 20 శాతం, మిగతాది కేసీన్. ఇది త్వరగా అరుగుతుంది. కండను పెంచే ల్యూసిన్ కూడా ఇందులో ఎక్కువ. స్కూపుకు 24 గ్రాముల ప్రొటీన్ అని డబ్బా మీద ఉన్నా అంతా నమ్మడానికి లేదు. దేశంలో అమ్మే 36 రకాల ప్రొటీన్ పొడులను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2024లో వెలువడింది. వాటిలో దాదాపు 70 శాతం డబ్బాల మీది ప్రొటీన్ లెక్కలు తప్పని తేలింది.

తాడేపల్లిగూడెం, ద్వారకా తిరుమల వైపు జిమ్ కుర్రాళ్లలోనూ, కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యేవాళ్లలోనూ తరచూ కనిపించే రిపోర్టు ఒకటుంది: కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో 1.4, అంటే కాస్త ఎక్కువ. ల్యాబువాళ్లు దాన్ని లావు అక్షరాల్లో ముద్రిస్తారు, ఇంట్లో ఆ పూట అన్నం సహించదు. ఆరా తీస్తే ప్రొటీన్ డబ్బా పక్కన చిన్న డబ్బా ఇంకొకటి బయటపడుతుంది. అది కండబలం కోసం వాడే క్రియాటిన్. ఒంట్లో అది క్రియాటినిన్‌గా మారుతుంది కాబట్టి కిడ్నీ చెడకపోయినా అంకె పెరుగుతుంది. కండ ఎక్కువున్నా అంతే. కొన్ని వారాలు క్రియాటిన్ ఆపి మళ్లీ పరీక్షిస్తే, లేదా సిస్టాటిన్-సి అనే మరో రక్తపరీక్ష చేయిస్తే, అసలు సంగతి తెలుస్తుంది.

ప్రొటీన్ ఎక్కువ తింటే కిడ్నీలకు రక్తప్రవాహం, వడపోత రెండూ పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ దీన్ని తట్టుకుంటుంది. మామూలు మోతాదులో హాని జరిగినట్టు అధ్యయనాలు చూపలేదు, అయితే ఏళ్ల తరబడి గమనించినవి తక్కువ. చిక్కంతా ముందే దెబ్బతిన్న కిడ్నీతోనే. కొల్లేరు వైపు చెరువులు చూసుకునే నలభై దాటిన మనిషి పొట్ట తగ్గాలని జిమ్‌లో చేరి రోజుకు రెండు స్కూపులు తాగుతాడు. బీపీ 160/100 ఉన్నట్టు అతనికి తెలియదు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నట్టూ తెలియదు. కిడ్నీ నొప్పి పెట్టి చెప్పదు కదా! జబ్బున్న కిడ్నీకి రోజుకు కిలో బరువుకు 1.3 గ్రాములు దాటిన ప్రొటీన్ వద్దని 2024 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కిడ్నీ జబ్బు ప్రబలిన ఎ.కొండూరు, ఉద్దానం ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మే నెల ఎండలో కసరత్తు చేసి, చాలినన్ని నీళ్లు తాగకుండా నొప్పి మాత్రలు మింగడం కిడ్నీకి ఈ పొడికన్నా పెద్ద ముప్పు.

గుండె విషయానికొస్తే, వే వల్ల బీపీ కాస్త తగ్గినట్టే కొన్ని పరిశోధనలు చూపాయి. రోజువారీ కేలరీల్లో ప్రొటీన్ వాటా 22 శాతం దాటితే ల్యూసిన్ రక్తనాళాల గోడల్లో పూడికకు దారితీయవచ్చని 2024లో ఒక పరిశోధన హెచ్చరించింది. అది ఎలుకల మీద, కొద్దిమంది మనుషుల మీద చేసినదే. గుండెకు అసలు ప్రమాదం జిమ్‌లలో చాటుగా దొరికే స్టెరాయిడ్లు. వాటితో మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె గోడ మందమవుతుంది. కసరత్తుకు ముందు తాగే కెఫీన్ పొడులతో గుండెదడ వస్తుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 65 కిలోల మనిషికి అది 54 గ్రాములు. కసరత్తు చేసేవాళ్లకు కొంత ఎక్కువ కావాలి. వంద గ్రాముల కొర్రమీనులో 20 గ్రాములకు అటూఇటూ, రెండు గుడ్లలో 12 గ్రాములు ఉంటాయి. కండల కోసం పొడులు వాడొద్దని ఆ సంస్థ 2024లో సూచించింది. అయినా తాగదలచినవాళ్లు ముందు బీపీ, షుగరు, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి. ఆల్బుమిన్ కనిపించినా ఒక్క పరీక్షతో కిడ్నీ జబ్బని తేల్చరు. మూడు నెలల తర్వాత కూడా పోతుంటేనే అలా నిర్ధారిస్తారు.