పిచ్చి డాక్టరుగారు

మాది లక్డారము, సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు మండలమునందలి యూరు. మా యూరి రాతిగనులను గూర్చి హైదరాబాదున ఇండ్లు కట్టించుకొన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. వారి కప్పులలోని కంకర మా గుట్టలదే కావచ్చును. గనులలో తూటాలు ప్రేల్చునపుడు మా వంటయింటి అలమరలోని గిన్నెలు గలగలలాడును. క్రొత్తగా వచ్చిన చుట్టములు ఉలికిపడుదురు. మేము ఉలికిపడము. గిన్నెలు చోటు తప్పలేదు గదా యని యొకసారి చూచుకొని మరల మా పనిలో పడుదుము.

ఒకనాటి సాయంకాలము మా మనుమరాలు టెలివిజను ముందు కూర్చుండి యుండెను. ఎనిమిదేండ్ల పిల్ల. తెరమీద తెల్లకోటు తొడిగిన వంగువీపు మనుష్యు డొకడు ఏదియో యంత్రమును త్రిప్పుచుండెను. యంత్రము ప్రేలెను. సరిగా ఆ క్షణముననే గనిలో తూటాయు ప్రేలెను, గిన్నెలు గలగలలాడెను. పిల్ల చప్పట్లు కొట్టి నవ్వెను, మేమును నవ్వితిమి. అంతలో నామె మావంక తిరిగి, "తాతా, డాడీ గూడ తెల్లకోటే ఏసుకుంటడు గద. డాడీ గూడ గిసొంటోడేనా?" అని యడిగెను.

మా నవ్వు నోటిలోనే నిలిచిపోయెను.

ఆ పిల్ల తండ్రి, అనగా మా కుమారుడు, ఈ ప్రాంతముననే యొక మందుల కర్మాగారములో కెమిస్టు. ఇంతటి ప్రశ్న ఎక్కడినుండి వచ్చినదని మెల్లగా విచారింపగా, బడిలో తోడిపిల్ల యొకతె, "మీ డాడీ కంపెనోళ్లే చెర్ల విషం కలుపుతరు" అన్నదని తెలిసెను. బడిలో విన్న మాటకును తెరమీద చూచిన బొమ్మకును ఆ చిన్నబుఱ్ఱలో ముడి పడినది. ఆ ముడి విప్పవలసిన భారము మా మీద పడినది.

ముందుగా బొమ్మను గూర్చి. ఆ తెల్లకోటు మనుష్యుని పేరు డాక్టరు డూఫెన్‌ష్మర్ట్స్. ఆ పేరు పలుకుటకు మా నాలుక నాలుగు దినములు తిరుగలేదు. మనుమరాలు మాత్రము బెల్లపుముక్క చప్పరించినంత సులువుగా పలుకును. 'ఫినియాస్ అండ్ ఫర్బ్' అను బొమ్మల కథామాలికలో నితడు ప్రతినాయకుడు. డాన్ పొవెన్‌మైర్, జెఫ్ మార్ష్ అను నిరువురు దానిని కల్పించిరి. 2007లో అమెరికాలో డిస్నీవారి ఛానెలునందు మొదట చూపబడెను. డాక్టరునకు గొంతు నిచ్చినవాడు పొవెన్‌మైరే.

నిజము చెప్పవలెనన్న, ఇట్టి బొమ్మలు పిల్లలను చెఱచునని నాలుగు పుటలు వ్రాయుటకే మేము కలము చేతబట్టితిమి. చూడకుండ తిట్టుట న్యాయము కాదని పది దినములు మనుమరాలి ప్రక్కను కూర్చుంటిమి. నాలుగవ నాటికి గడియారమువంక చూచుచుండినది తాతయే.

ఈ డాక్టరు తనయున్న సీమను ఏలుకొనవలెనని ప్రతిదినము నొక క్రొత్త యంత్రమును కనిపెట్టును. దాని పేరేదైనను చివర 'ఇనేటర్' అని తోక యుండవలెను. ఆతనిని ఎదుర్కొనుటకు పెర్రీ యను ప్లాటిపస్ వచ్చును. ప్లాటిపస్ అనగా ఆస్ట్రేలియా ఖండమున నుండు జంతువు. బాతుముక్కు గలది, గ్రుడ్లు పెట్టి పిల్లలకు పాలిచ్చునది. ఈ పెర్రీ ఇంటిలో నోరెత్తని పెంపుడుజంతువు. నెత్తిన టోపీ పెట్టినచో గూఢచారి. డాక్టరు వానిని ఉచ్చులో బంధించును. బంధించి వెంటనే యంత్రమును నడపునా? నడపడు. తన చిన్ననాటి కష్టములు చెప్పుకొనును. తాను పుట్టిననాడు తలిదండ్రులు రాలేదట. తోటలోని బొమ్మను అప్పులవారు పట్టుకొనిపోగా దాని స్థానమున పసివాడైన తనను కదలకుండ నిలువబెట్టిరట. శత్రువును కట్టివేసి వానితోనే కన్నీళ్లు చెప్పుకొను దుష్టుని మేము మఱెచ్చటను చూడలేదు. ఇంతలో పెర్రీ కట్లు విప్పుకొనును. యంత్రమునకు దానిని తానే నాశనము చేయు మీట యొకటి సామాన్యముగా నుండును. దానిని పెట్టినవాడును డాక్టరే! పెర్రీ మీట నొక్కును, యంత్రము ప్రేలును, డాక్టరు మసిబారిన ముఖముతో శాపనార్థములు పెట్టును. మఱునాడు మరల క్రొత్త యంత్రము.

ఈతనికి విడాకులిచ్చిన భార్య కలదు. యంత్రములకు కావలసిన డబ్బు ఆమె పంపు భరణమునుండి వచ్చును. స్త్రీకి భరణము కావలెనని మన సంస్కర్తలు ఎంత పోరాడిరో! భార్య పంపిన భరణముతో లోకమును జయింపజూచు మగవానిని చూచియుండిన వారేమందురో గదా. వెనెస్సా యను కూతురును గలదు. తండ్రి దుష్టుడని తల్లికి ఋజువు చూపవలెనని ఆ పిల్ల తహతహలాడును. తల్లిని తీసికొని వచ్చునప్పటికి ఋజువు మాయమైపోవును. ఇక్కడికి వచ్చునప్పటికి మాకు నవ్వు తక్కువయ్యెను. తండ్రి చెడ్డవాడా కాడా యని ఒక యాడుపిల్ల తెలిసికొనగోరుట తెరమీద హాస్యమే. మా చాపమీద కాదు.

పిచ్చి శాస్త్రజ్ఞుని పరిహసించుట నేటి సంగతి కాదు. 1726లో స్విఫ్టు తన 'గలివరు' గ్రంథమున నొక పండితపరిషత్తును వర్ణించినాడు. అందొకడు దోసకాయలనుండి సూర్యకిరణములు తీయుటకై ఎనిమిదేండ్లు శ్రమపడుచుండును. 1818లో మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' వ్రాసినది మొదలు ఆ నవ్వులో భయము కలిసినది. మనకు ప్రయోగశాలలు లేని కాలమున ఆ పాత్రను మాంత్రికుడు వహించెను. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుని మాతరమువారు మరువగలరా? ఆతని మాట నవ్వు పుట్టించును. ఆతని చూపు వెన్నులో చలి పుట్టించును. అతడు కోరిన శక్తికి మాత్రము ఇంకొకని తల బలి కావలెను. డూఫెన్‌ష్మర్ట్స్ యంత్రమునకు బలియగునది తఱచుగా ఆతని మేడయే. ఈ రెండింటికి నడుమగల దూరమును మా మనుమరాలికి చెప్పవలెనని మాకు తోచెను.

మన హైదరాబాదు బొమ్మలవారి దారి మఱియొకటి. రాజీవ్ చిలకగారి గ్రీన్ గోల్డ్ సంస్థ రూపొందించిన 'ఛోటా భీమ్' 2008లో పోగో ఛానెలున మొదలై దేశమంతట పిల్లలకు ప్రాణమయ్యెను. అందు ఢోలక్‌పూరునకు ధూమకేతు అను నొక ప్రొఫెసరు కలడు. క్రొత్త వస్తువులు కనిపెట్టును, నవ్వును పుట్టించును, కాని దుష్టుడు కాడు. మనవారు దుష్టత్వమును రాక్షసులకును మాంత్రికులకును విడిచిరి. విద్యనేర్చినవాడు చెడ్డవాడు కాగలడని ఒప్పుకొనుటకు మనకింకను మొగమాటము కాబోలు.

ఇక చెరువు మాట. బడిలోని ఆ పిల్ల అబద్ధమాడినదని మేము చెప్పగలమా? చెప్పలేము. 1961లో స్థాపింపబడిన ఐ.డి.పి.ఎల్. వారి హైదరాబాదు కర్మాగారమున పని నేర్చిన కెమిస్టులలో పలువురు పిమ్మట సొంత కర్మాగారములు పెట్టుకొనిరి. హైదరాబాదు చుట్టు మందుల పరిశ్రమ పెరిగి, లోకమునకు చౌకగా మాత్రలు దొరికినవి. ఇచ్చట నక్కవాగు చెడినది, బావులు చెడినవి. గోతెన్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జోకిమ్ లార్సన్ మఱి కొందఱు శాస్త్రజ్ఞులతో కలిసి పటాన్‌చెరు ప్రాంతపు వ్యర్థజల శుద్ధికేంద్రమునుండి వెడలు నీటిని పరీక్షించి 2007లో ప్రకటించిరి. సుమారు తొంబది కర్మాగారముల నీరు చేరు చోటది. శుద్ధియైన పిమ్మటను ఆ నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉండెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండుదానికంటె ఇది యెక్కువ. ఒక్కనాడు ఆ కాలువ వెంట పోయినది సుమారు 45 కిలోలని వారు లెక్క కట్టిరి. స్వీడను దేశమంతయు ఐదు దినములలో వాడునంత! క్రిములను చంపవలసిన మందు అట్లు నీటిలో నిలిచినచో, చావక మిగిలిన క్రిములు దానికి అలవాటుపడి, రేపు నిజముగా జబ్బుచేసిన పిల్లకు ఆ మందు పనిచేయకుండ చేయును.

దీనిని చేసినవాడు ఏ పిచ్చి డాక్టరు? వెదకి చూడుడు. డూఫెన్‌ష్మర్ట్స్ తన మేడమీద తన సంస్థ దుష్టసంస్థ యని పేరు పెట్టుకొన్నాడు. మన లోకమున నట్టి బోర్డు కానరాదు. వంగువీపుతో వికటముగా నవ్వువాడును కానరాడు. ఒక కాగితముమీద ఒకరు, మఱియొక కాగితముమీద మఱియొకరు సంతకము చేయుదురు. అందఱును తెలివిగలవారే, సాయంకాలము పిల్లలకు మిఠాయిపొట్లము తెచ్చువారే. ఎవరి సంతకమును ఒంటరిగా చూచినచో విషము కనబడదు. బొమ్మల కథమీద మాకు గల అసలు తగవు ఇది: కీడు చేయువాడు తెల్లకోటు తొడిగి, నేను చెడ్డవాడనని చాటుకొని వచ్చునని అది పిల్లలకు నేర్పును. కోటును చూచి తండ్రిని శంకించుట మా మనుమరాలి తప్పా?

డాక్టరను మాటను కాపాడినవారును ఈ నేలమీదనే యుండిరి. ఈ కాలుష్యముమీద ఏండ్లతరబడి పోరాడిన కిషన్‌రావుగారు పటాన్‌చెరులో వైద్యులు. భీమవరమున 1895లో పుట్టి అమెరికాలో 1948లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాలనుండియే బోదకాలునకు మందు వెలువడెను. ఇంటింటికి పంచు బోదకాలు మాత్రను చూపి మనుమరాలికి ఆయన కథ చెప్పితిమి. ఆమె శ్రద్ధగా విని, "గాయిన యంత్రం పేలలేదా?" అనెను. పేలలేదంటిమి. కథ రుచింపలేదని ముఖము చెప్పెను.

ఇంకొకటి యున్నది, అది ఆమెకు చెప్పలేదు. ఈ ప్రశ్న పుట్టుటకు కొన్ని నెలల ముందు, 2025 జూన్ 30వ తేది ఉదయమున, మా మండలమందలి పాశమైలారములో ఒక కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలుబదిమందికి మించి మరణించిరి. వారిలో పెక్కురు దూరరాష్ట్రములనుండి పొట్టకూటికి వచ్చినవారు. ఆ చప్పుడు మా చెవిని పడినను గనిలోని తూటాయే యనుకొని గిన్నెలవంక చూచి యుందుము. ఫోనులు మ్రోగిన పిమ్మట తెలిసినది. మా కుమారుని కర్మాగారము వేరు. పైగా రాత్రిపని ముగించుకొని వచ్చి లోపలిగదిలో నిద్రించుచుండెను. అది యెఱిగియు మేము లోపలికి పోయి, వాని పాదముమీద చేయి వేసి, వెచ్చదనము చూచుకొని వచ్చితిమి. వాడు మేలుకొనలేదు. నేటివరకు వానికి చెప్పలేదు.

మనుమరాలి ప్రశ్నను మాత్రము వానికి చెప్పితిమి. నవ్వునేమో యనుకొంటిమి, నవ్వలేదు. ఆదివారమునాడు కూతురి ప్రక్కన చాపమీద కూర్చుండి డాక్టరుగారి కథ ఆసాంతము చూచెను. మీట నొక్కు ఘట్టము వచ్చినపుడు పిల్ల తండ్రి మోచేతిని పట్టి ఊపి, "డాడీ, మీ కంపెనీల గూడ గా బటన్ ఉంటదా?" అని యడిగెను.

"ఉంటది బిడ్డా. ఎర్రది. కని గది పేల్చేటిది గాదు, ఆపేటిది."

"నువ్వు ఒత్తినవా?"

వాడు మావంక చూచి, మరల తెరవంక చూచి, "ఒక్కపారి ఒత్తిన" అనెను. మాకును అది క్రొత్త సంగతియే.

"ఎందుకు?"

"వాసన తేడ గొట్టింది."

"ఒత్తితే ఏమైంది?"

"అంత ఆగిపోయింది. ఎందుకు ఒత్తినవని అడిగిన్రు. రెండు దినాలు కాగితాలు రాసిన. ఆ నెల మా సెక్షనుకు లెక్క తక్కువొచ్చింది."

"మల్ల వాసన తేడ గొడితే?"

వాడు వెంటనే బదులు చెప్పలేదు. తెరమీద డాక్టరుగారు మసిబారిన ముఖముతో శపించుచుండెను. "ఒత్తుత" అని కొంతసేపటికి అనెను.

పిల్ల తండ్రిని క్రిందినుండి మీదివరకు పరీక్షించి చూచి, "అయితే నువ్వు డాక్టర్‌వు గావు, పెర్రీవి" అని తీర్పు చెప్పి, వెంటనే సందేహము కలిగి, "మరి టోపీ ఏది?" అనెను.

"ఉన్నది బిడ్డా, పసుపుది. కంపెనీల్నే పెట్టొస్త."

"రేపు ఇంటికి తే" అని ఆజ్ఞాపించి ఆమె మరల తెరవంక తిరిగెను.