బండి కదలనివేళ

పప్పు ఉడుకకున్నచో నది పప్పు దోషమో, నీటి దోషమో, పొయ్యి దోషమో మనము తెలిసికొనగలము. కాని వాకిట నిలిచిన కారు కదలకున్నంతనే "అది మగవారి పని" యని చేతులు ముడుచుకొందుము. ఇది తగదని మా యభిప్రాయము.

పూర్వము కారు ముందుభాగమున నినుప పిడి జొనిపి బలముగా త్రిప్పవలసి యుండెడిది. అది వెనుకకు గొట్టి చేతులు విఱిగినవారు గలరు. 1912లో అమెరికాయందు కాడిలాక్ కారునకు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమరిన పిదప స్త్రీలకు తమంత తామే కారు నడుపుకొనుట సులభమయ్యెను. బ్యాటరీ మనకు చేసిన మేలు చిన్నది కాదు.

మేము నివసించు హయత్‌నగర్ గోల్కొండ రాజమాత హయాత్ బక్షీ బేగము పేర వెలసిన యూరు. విజయవాడకు బోవు రహదారి మీద నున్నది. మా యత్తగారిని వారమునకు రెండుమారులు డయాలసిస్ కొఱకు ఆసుపత్రికి గొనిపోవలెను. ఆ దినములలో కారు కదలకుండుట ప్రాణముతోడి మాట. గత వేసవిలో నొక తెల్లవాఱుజామున తాళము త్రిప్పగా టిక్కుటిక్కుమను చప్పుడే గాని యింజను తిరుగలేదు. మావారు ఊర లేరు. పిలువగా వచ్చిన మెకానిక్కు మూతయైన నెత్తకయే "బ్యాటరీ ఖతమైందమ్మా, కొత్తది ఏయాలె" ననెను. మేము మూత యెత్తి చూడగా బ్యాటరీ కొనలపై తెల్లని, పచ్చని పొడి పేరుకొని యుండెను. దానిని కడిగి, వైర్లు బిగించినంతనే ఇంజను కదలెను. ఆసుపత్రి వేళ తప్పలేదు. ఆ బ్యాటరీయే నేటికిని పనిచేయుచున్నది.

కావున మొదట ముందు దీపములు వెలిగించి తాళము త్రిప్పి చూడుడు. దీపములు మినుకుమని యాఱిపోయినచో బ్యాటరీ నీరసించినదనియో, కొనలు వదులైనవనియో గ్రహింపవలెను. దీపములు తేజము తగ్గక, ఒక్క "టక్కు" మాత్రమే వినవచ్చినచో దోషము తఱచుగా స్టార్టరుదో, దాని రిలేదో యగును. ఇంజను చుఱుకుగా తిరిగియు అంటుకొనకున్న బ్యాటరీని నిందింపరాదు. పెట్రోలు సంగతి విచారింపవలెను. ఆటోమేటిక్ కారైనచో గేరు పార్కు స్థానమున నున్నదో లేదో మొదటనే చూడవలెను.

మల్టీమీటరు ఇంటనుండుట మంచిది. రాత్రియంతయు నిలిచియున్న కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిన నిండుగా నున్నట్లు; 12.2 చూపిన సగము. 12కు దిగువ దాదాపు ఖాళీ. ఇంజను నడచునపుడు చాల కార్లలో నది 14 చేరువకు రావలెను. 13 యైనను దాటనిచో ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుటలేదని యర్థము. అప్పుడు క్రొత్త బ్యాటరీ కొన్నను అదియు నడుగంటును, సొమ్ము వృథా.

మన వేసవి యెండ బ్యాటరీకి పరమశత్రువు. మూతలు విప్పదగిన బ్యాటరీలో నీరు తగ్గినచో డిస్టిల్డు వాటరే పోయవలెను; కుళాయినీరు, బోరునీరు పనికిరావు.

శుభ్రము చేయునపుడు జాగ్రత్త యవసరము. ఇంజను ఆపి, గాజులు, ఉంగరములు తీసివేసి, మెడలోని గొలుసును రవికలోనికి ద్రోసికొనుడు. లోహము రెండు కొనలను గలిపినచో చేయి కాలును. నల్లవైరు మొదట విప్పి, చివర బిగింపవలెను. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో, పాత పళ్లబ్రష్షుతో కొనలను తోమి, మంచినీట కడిగి, తుడిచి, పొడిగా ఆఱిన పిదప వైర్లు బిగించి వాసెలీను పూయవలెను. సోడానీరు బ్యాటరీలోనికి బోరాదు. లోపల నున్నది గంధకామ్లము. దానినుండి వెలువడు హైడ్రోజను వాయువు నిప్పు తగిలిన ప్రేలును. కావున దీపముగాని అగ్గిపుల్లగాని దరిజేర్పరాదు.

మెకానిక్కును పిలువవలదని మేము చెప్పుట లేదు. యంత్రము విప్పుట యతని పనియే. కాని "కారు కదలుట లేదు" అనుటకు మారుగా "దీపములు తగ్గుచున్నవి, కొనలు శుభ్రముగనే యున్నవి, కొలత 12.1" అని చెప్పగలిగిన యిల్లాలిని మోసగించుట యెవరికిని సులభము గాదు.