నోరు తెరిచి చూసేదెవరు?

ఫిబ్రవరి వచ్చిందంటే న్యూజెర్సీలో మా ఇంటికి మా కుక్క పేరుమీద ఒక కార్డు వస్తుంది. అమెరికాలో అది పెంపుడు జంతువుల దంత ఆరోగ్య మాసం. పళ్లు శుభ్రం చేయిస్తే బిల్లు కాస్త తగ్గిస్తామని డాక్టర్లు ఊరిస్తారు. తగ్గించాక కూడా మత్తు, ఎక్స్‌రేలు అన్నీ కలిపి వెయ్యి డాలర్లు దాటడం మామూలే. హైదరాబాద్ వెళ్లినప్పుడు తార్నాకలో అమ్మకు ఈ సంగతి చెబితే "కుక్కకు పళ్లు తోమే కాలం కూడా వచ్చిందిరా!" అని నవ్వింది. నవ్వుతూనే తన పిల్లికి పెరుగన్నం కలిపింది.

ఆ పిల్లి ఆత్రంగా గిన్నె దగ్గరకు వచ్చి, ఒక ముద్ద నోట పెట్టుకుని, బుస్సుమంటూ వెనక్కి దూకింది. "ఈమధ్య దీనికి పొగరెక్కింది" అని అమ్మ తీర్పు. పొగరు కాదు, నొప్పి. ఒళ్లు నాక్కోవడం మానేసి బొచ్చు అట్టలు కట్టింది. నోటి వాసన అల్లంత దూరానికే తెలుస్తోంది. పిల్లుల్లో రెండు పాడు రోగాలు తరచు కనిపిస్తాయి. చిగురు అంచున పన్ను దానంతటదే కరిగిపోవడం ఒకటి. గొంతు దాకా నోరంతా ఎర్రగా పుండైపోవడం ఇంకోటి. ఈ రెండోదానికి మందులిస్తే కొన్నాళ్లే ఉపశమనం. చాలావాటికి చివరికి దవడపళ్లన్నీ, ఒక్కోసారి ఉన్న 30 పళ్లూ తీసేయాల్సి వస్తుంది. వినడానికి ఘోరమే కానీ, నొప్పి పోయాక చాలా పిల్లులు మళ్లీ కడుపునిండా తింటాయి.

మన ఇళ్లలో జంతువు బాగుందా లేదా అనడానికి ఒకటే కొలత, తింటోందా అని. నోటి విషయంలో ఆ కొలత పనికిరాదు. ఒకవైపు నొప్పెడితే రెండోవైపు నమిలి, అదీ కుదరకపోతే నమలకుండా మింగి కడుపు నింపుకుంటాయి. పెదవి కాస్త పైకెత్తితే తెలిసిపోతుంది, పన్ను మొదట్లో ఎర్రటి గీత ఉంటే చిగురు వాచినట్టే.

ఉస్మానియా క్యాంపస్‌లో మేనకోడలు ఒక కుక్కను చూపించింది. దీనికి కంటి కింద వాపు. "ఎవరో రాయి విసిరుంటారు మావయ్యా" అంది. పై దవడలో పెద్ద పన్ను విరిగి, వేరుకు చీము పట్టినా సరిగ్గా అక్కడే వాస్తుంది. పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటాం కదా, రాళ్లూ గట్టి ఎముకలూ కొరికే కుక్కల విషయంలో అది అక్షరాలా నిజం.

అయితే పెదవెత్తి చూడమన్నది టీకాలు వేసిన మన ఇంటి జంతువు సంగతే. వీధికుక్క దవడ వేలాడేసి చొంగ కారుస్తుంటే ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో వేలు పెట్టకూడదు. రేబిస్ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. పంటి గాటు పడినా, గీరుకున్నచోట చొంగ తగిలినా, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, టీకాకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో వెంటనే పరుగెత్తాలి.

ఇక వైద్యం. మత్తు లేకుండా గార గీకేస్తామనేవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. పళ్లు తెల్లబడతాయి, రోగం మాత్రం చిగురు కింద భద్రంగా ఉంటుంది. మత్తిచ్చి, ఎక్స్‌రే తీసి, చిగురు కింద కూడా శుభ్రం చేయగల డాక్టరు కావాలి. దగ్గర్లో దొరక్కపోతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో అడగొచ్చు. సొంత వైద్యం ప్రమాదం. నొప్పి కదా అని పారాసిటమాల్ వేస్తే పిల్లి ప్రాణం పోతుంది. మన టూత్‌పేస్టులూ పనికిరావు, కొన్నింట్లో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం.

పాచి కొద్దిరోజుల్లోనే గట్టిపడి గారవుతుంది కాబట్టి రోజూ తోమాల్సిందే. పాలపళ్లున్నప్పుడే తడిగుడ్డ చుట్టిన వేలితో మొదలుపెడితే పెద్దయ్యాక బ్రష్ చూసి పారిపోదు. పెంచుకోడానికి తెచ్చుకున్న కుక్కపిల్లకు మేనకోడలు ఇప్పుడు చికెన్ వాసన వచ్చే కుక్కల పేస్టు రాస్తోంది. వేపపుల్ల చాలదా అని అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.