మార్జిన్‌లో రాసిన మాటలు

"మార్జిన్‌లో రాసింది ఎక్కడ ఎంటర్ చేయాలి సార్? దానికి కాలమ్ లేదు."

"కాలమ్ లేకపోతే వదిలెయ్యమ్మా."

పక్క గదిలోంచి వినపడ్డాయి ఈ రెండు మాటలు. నేను వెళ్లిన పని వేరు. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర శాఖ ఈ ఏడాది సాధించిన విజయాల మీద రాసుకు రమ్మని ఎడిటర్ గారు పంపారు. శాఖాధిపతి గారు జాబితా సిద్ధంగా ఉంచారు. నెట్ పాసైనవాళ్లు, జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవాళ్లు, పీహెచ్‌డీ పట్టాలు, అధ్యాపకులు అచ్చేసిన పేపర్లు, వెళ్లొచ్చిన సెమినార్లు. చదివి వినిపిస్తుంటే ఆయన గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది. సంతోషించదగ్గ విషయమే. మంజూరైన పోస్టుల్లో సగం ఖాళీగా ఉన్న శాఖ అది. ఉన్నవాళ్లలోనూ కొందరు ఏటికేడాది ఒప్పందం మీద పాఠాలు చెబుతున్నవాళ్లు. ఆ బెంచీల మీంచి, ఇంట్లో మొదటగా కాలేజీ గడప తొక్కిన పిల్లలు లేచి, దేశమంతా పోటీపడే పరీక్ష నెగ్గి, నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ తెచ్చుకుంటున్నారంటే అది చిన్న సంగతి కాదు.

జాబితా అంతా రాసుకున్నాను. కానీ కాలమ్ లేని ఆ మాట ఏమిటో చూడకుండా కదలబుద్ధి కాలేదు.

పక్క గదిలో ఒక రీసెర్చ్ స్కాలర్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఎడమ పక్క షెడ్యూళ్ల కట్ట. సర్వేలో ఒక్కో కుటుంబానికి ఒకటి చొప్పున నింపే ప్రశ్నల పుస్తకాన్ని షెడ్యూలంటారు. పొలం, పంట, కూలి, గొడ్డూ గోదా, అప్పులు, ఖర్చులు, అన్నీ గళ్లు గళ్లుగా ఉంటాయి. ఆ అమ్మాయి ఎడమ చూపుడువేలు గడి గడికీ దిగుతోంది, కుడిచెయ్యి కీబోర్డు వైపు చూడకుండానే అంకెలు కొడుతోంది. పేజీ తిరిగినప్పుడల్లా మాత్రం రెండు చేతులూ ఆగుతున్నాయి. కాగితం అంచున పెన్సిల్‌తో రాసిన సన్నటి అక్షరాలను చదువుకుంటోంది. చదివి, ఏమీ కొట్టకుండా, తర్వాతి గడిలోకి వెళుతోంది.

చూడొచ్చా అని అడిగితే కట్ట నా వైపు జరిపింది.

"సొంతం అన్నాడు. భార్య తల దించుకుంది. కౌలే."

"వడ్డీ లేదంది. బస్తాకి యాభై తక్కువ వేసుకున్నారు."

"చేబదులు, వదినె దగ్గర. తిరిగి ఇవ్వక్కర్లేదట. వాళ్లమ్మాయి పెళ్లికి వీళ్లు పెట్టుకోవాలి."

ఈ మూడు మాటల్లో డెల్టా వ్యవసాయం ఎంత ఉందో చెప్పడానికి ఒక పుస్తకం కావాలి. మొదటి మాట వెనక భయం ఉంది. మన పల్లెల్లో కౌలు చాలామటుకు నోటిమాట మీదే నడుస్తుంది. కౌలు సంగతి కాగితం మీదికెక్కితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనన్న గుబులు రైతుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా యజమాని అంగీకారం ఉంటేనే, పదకొండు నెలలకు, కార్డు ఇమ్మంది. అందుకని కొత్తవాళ్లెవరైనా పలకా బలపంలా అట్టా పెన్నూ పట్టుకుని వాకిట్లోకి వస్తే ముందు నోటికొచ్చే జవాబు "సొంతమే" అని.

"నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఇంటికీ ఎవరో సర్వేకి వచ్చారండీ," అంది ఆ అమ్మాయి. "ఎంత పొలం అని అడిగితే మా నాన్న మూడెకరాలు, సొంతం అన్నాడు. మాకు సెంటు లేదు. నేను పక్కనే ఉన్నాను. నాన్న అబద్ధం ఆడగా చూడటం అదే మొదటిసారి. ఆయన వెళ్లాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు."

ఆ వచ్చినాయన "సొంతం, 3" అని రాసుకుని వెళ్లి ఉంటాడు. అది ఏదో పట్టికలో కూడా కలిసి ఉంటుంది. తను షెడ్యూలు పట్టుకున్న రోజునుంచీ పొలం ప్రశ్నను మొదట అడగడం మానేశానని ఆ అమ్మాయి చెప్పింది. ఈ సంగతి ఏ మెథడాలజీ పుస్తకం నేర్పలేదు.

మర్నాడు అనుమానాలున్న మూడిళ్లకు మళ్లీ వెళుతున్నానంటే నేనూ బయల్దేరాను. తెనాలి దాటాక కాలువ గట్టు వెంట ప్రయాణం. సంక్రాంతి వెళ్లిన వారం. మాగాణిలో వరి కొయ్యల మధ్య మినుము పూతకొచ్చి ఉంది, కొన్నిచోట్ల మొక్కజొన్న మోకాలెత్తు లేచింది.

ఒక ఇంటికి మేం వెళ్లేసరికి ఆ ఇల్లాలు అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. ఈ అమ్మాయి సంచి పక్కన పెట్టి, చేట చివర తన వైపు లాక్కుని తనూ మెరికలు ఏరడం మొదలుపెట్టింది. అట్ట బయటికి తీయలేదు. "గేదె ఈనిందా పిన్నీ?" అని మొదలైంది మాట. ఈనింది, దూడ పోయింది. పాలకేంద్రంలో ఎన్ని లీటర్లు పోస్తున్నారు, వెన్న శాతం ఎంత వస్తోంది, పదిహేను రోజులకోసారి వచ్చే డబ్బు ఎవరి చేతికి వస్తోంది అన్న సంగతులన్నీ బియ్యం గింజలతోపాటే ఒక్కొక్కటిగా పక్కకు వచ్చాయి. కిందటిసారి వేరే కుర్రాడు నింపిన షెడ్యూల్లో ఆమె వృత్తి గడిలో "గృహిణి" అని ఉంది. ఏం చేస్తారమ్మా అని అతనడిగితే "ఏం చేస్తాను నాయనా, ఇంట్లోనే ఉంటా" అని ఆమె చెప్పింది. అతను విన్నది విన్నట్టు రాశాడు. పొద్దున ఎన్నింటికి లేస్తావు పిన్నీ, లేచాక ముందేం చేస్తావు అని ఈ అమ్మాయి అడిగింది. తెల్లవారుజామున నాలుగింటికి పేడకళ్లతో మొదలై రాత్రి గేదెకు కుడితి పెట్టడంతో ముగిసే ఆ దినచర్యలో కూలికి వెళ్లే రోజులూ ఉన్నాయి, పొలంలో కలుపు తీసిన రోజులూ ఉన్నాయి. నేను వేళ్లు మడిచి లెక్కపెడుతూ మధ్యలో ఆపేశాను.

అప్పుల దగ్గరకొచ్చేసరికి ఆ అమ్మాయి నేర్పు ఇంకా బాగా కనిపించింది. షెడ్యూల్లో గడి "సంవత్సరానికి వడ్డీ శాతం" అని అడుగుతుంది. ఊళ్లో అలా ఎవరూ చెప్పరు. "రెండు రూపాయల వడ్డీ" అంటారు. అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. కొత్త కుర్రాళ్లు గడిలో 2 అని రాసేస్తారు, అప్పు కాస్తా బ్యాంకు కంటే చవకైపోతుంది. పురుగుమందుల కొట్టు అప్పుకైతే వడ్డీయే లేదని రైతులే చెబుతారు. కొట్టతను అడగడు మరి. పంట తనకే వేయాలంటాడు. ఈ అమ్మాయి వడ్డీ మాటే ఎత్తలేదు. "మీ ధాన్యం బస్తా ఎంతకు వేసుకున్నారు? ఎదురింటివాళ్లకి ఎంత పడింది?" అని అడిగింది. ఆ రెండింటికీ మధ్య తేడాయే ఆ అప్పుకు వడ్డీ. దాన్ని బస్తాలతో హెచ్చించి, అప్పుతో భాగించి, ఎన్ని నెలలో చూసి, నోటి లెక్కతోనే కట్టింది. అప్పుడు తీసింది పెన్సిల్.

2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడతలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93.2 అప్పుల్లో ఉన్నాయనీ, సగటున ఒక్కో కుటుంబం మీద 2,45,554 రూపాయల అప్పు ఉందనీ తేలింది. దేశం మొత్తంలో అదే అత్యధికం. తెలంగాణలో 91.7 శాతం కుటుంబాలు, 1,52,113 రూపాయలు. అసెంబ్లీలో, పత్రికల్లో, పార్టీల కరపత్రాల్లో ఈ అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ అంకెల్లో ప్రతి ఒక్కటీ ఇలాంటి ఏదో ఒక అరుగు మీద పుట్టింది. అడిగిన మనిషికి చేబదులుకూ ప్రోనోటుకూ తేడా తెలిస్తే ఒకలా, తెలియకపోతే ఇంకోలా పుట్టింది.

ఇది మనకు కొత్తగా అబ్బిన విద్య కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో మొదటి ఆర్థికశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్, వేసవి సెలవులకు వెళుతున్న విద్యార్థుల చేతిలో ప్రశ్నావళి పెట్టి మీ మీ ఊళ్ల సంగతి రాసుకు రండి అన్నాడు. 1918లో అచ్చయిన ఆ గ్రామాల పుస్తకాన్ని ఇప్పటికీ పండితులు తిరగేస్తారు. 1940లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ ఆ ఊళ్లకే మళ్లీ వెళ్లి చూసిన ఫలితాలు అచ్చయ్యాయి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన నిడుబ్రోలు రంగా గారు మన డెల్టా పల్లెల ఆర్థిక వ్యవస్థ మీద 1926లోనే పుస్తకం వేశారు. ఆ నిడుబ్రోలు నేను కూర్చున్న అరుగుకు ఎంతో దూరం లేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తీయించారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2005-06లో, ఆర్థికవేత్తలు అదే ఊరికి మళ్లీ వచ్చి ఏం మారిందో చూడగలిగారంటే ఆ పాత కాగితాల పుణ్యమే.

పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరుల్లో పరిశోధకులు కాపురమే పెట్టారు. మూడు నాలుగు వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి అడిగేవారు. ఔరేపల్లిలో అలా పదేళ్లు. ఔరేపల్లితోపాటు మహారాష్ట్రలో రెండు ఊళ్ల లెక్కలు తీసుకుని అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఒక వ్యాసం రాశాడు. ఒక ఇంటి పంట పోతే ఆ ఇంటి తిండి ఎంత తగ్గుతుంది? అంతగా తగ్గదు, ఇంటి తిండి ఖర్చు ఆ ఇంటి రాబడి కంటే ఊరి మొత్తం స్థితినే ఎక్కువగా అనుసరిస్తుంది, అని ఆయన తేల్చాడు. ప్రపంచంలో ఎక్కడ అభివృద్ధి ఆర్థికశాస్త్రం చెప్పినా ఆ వ్యాసం చదివిస్తారు. దాని గుండెకాయ మన చేబదులే. వదినె దగ్గర తెచ్చి, పెళ్లికి తిరిగి పెట్టే డబ్బే. ఇక్కడి ఎం.ఎ. విద్యార్థుల్లో కొందరినైనా ఔరేపల్లి పేరు విన్నారా అని అడిగాను. ఒక్కరూ వినలేదు. తప్పు ఆ పిల్లలది కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. శాఖలో పాత సర్వేల కట్టలు చూపించమంటే పాతకాలపు అటెండరు గారు వరండా చివర బీరువా దగ్గరికి తీసుకెళ్లారు. అందులో ఇప్పుడు ఆన్సర్ షీట్లు ఉన్నాయి. "గదులకు రంగులేసినప్పుడు ఆ కట్టలన్నీ పాత పేపర్ల అతనికి వేసేశారండీ, ఎవరూ వాడట్లేదని" అన్నారాయన. ఇరవై ఏళ్లపాటు విద్యార్థులు చెప్పులరిగేలా తిరిగి తెచ్చిన కాగితాలు కిలోల లెక్కన పోయాయి. కంప్యూటర్‌కెక్కిన అంకెలు కూడా ఏ ఫ్లాపీలోనో ఆగిపోయాయి. ఇలాంటి కథ ఈ ఒక్క శాఖదే అనుకోను. 2010లో యూజీసీ అధ్యాపకుల పనికి పాయింట్లు కట్టే పద్ధతి తెచ్చినప్పటినుంచీ పేపరుకు పాయింటుంది, సెమినార్‌కు పాయింటుంది. మూడు సీజన్లు ఒక ఊరికి తిరిగితే ఒక్క పాయింటూ లేదు. ఎవరో చేసిన సర్వే అంకెలు ఇంటర్నెట్‌లోంచి దించుకుని ఆర్నెల్లలో పేపరు రాయొచ్చు. జీతం, ప్రమోషన్ దాని మీదే ఆధారపడి ఉన్న అధ్యాపకుణ్ణి ఊళ్లోకి వెళ్లమని నేనెలా అడగను? జేఆర్‌ఎఫ్ లేని రీసెర్చ్ స్కాలర్ బస్సు ఛార్జీ సొంతంగా పెట్టుకుంటోంది. ఈ అమ్మాయికి జేఆర్‌ఎఫ్ లేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టేముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి ఆర్థికశాస్త్రంతో సహా ఎన్నో శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చారు. అక్కడి ఆచార్యులు ఆ భాషలోనే అర్థశాస్త్ర గ్రంథాలు రాశారు. తెలుగు అకాడమి 1968లో మొదలై పాఠ్యపుస్తకాలు తెచ్చింది, అవి చదివే లక్షలమంది పరీక్షలు గట్టెక్కారు. కానీ పల్లెల్లో వాడే మాట, అంటే మక్తా, ధర్మవడ్డీ, నాగు, భోగబంధకం, చేబదులు, శాస్త్రంలోకి వెళ్లే దారి ఎవరూ వేయలేదు. ఈ అమ్మాయి సిద్ధాంత గ్రంథం ఇంగ్లీషులో రావాలి. "చేబదులు"కు ఆమె పెట్టిన ఇంగ్లీషు మాటలో వడ్డీ లేదన్న సంగతి ఉంది, పెళ్లికి పెట్టుకోవాలన్న బాకీ లేదు. ఆ మాట మీద రెండు రోజులు కూర్చున్నానని చెప్పింది.

మార్జిన్ మాటల్ని ఏం చేస్తావని అడిగాను. ఎవరూ అడగకపోయినా ఒక ఫైలు పెట్టుకుందట. ఇంటి నంబరు వేసి, తెలుగులో, ఉన్నదున్నట్టు టైపు చేస్తోంది. రాత్రి హాస్టల్లో రోజుకు పది షెడ్యూళ్లు. శాఖ ఇచ్చిన విజయాల జాబితాలో ఆ ఫైలు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎండ అరుగు మీదికి వచ్చింది. బియ్యం ఏరడం అయిపోయింది. బయల్దేరతామనుకుంటుంటే ఆ అమ్మాయి షెడ్యూలు తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ప్రతి ఇంట్లోనూ ఇలాగే చేస్తుందట. రాసుకున్నదంతా తెలుగులో పైకి చదివి వినిపించాకే ఆ ఇల్లు వదులుతుంది. ఆ ఇల్లాలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మరెవరి కథో వింటున్నట్టు వింటోంది. గేదె, పాలు, కలుపు కూలి, యూరియా, కొట్టు బాకీ. లోపల్నుంచి ఆమె భర్త కూడా వచ్చి గుమ్మాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

"పొలం, రెండున్నర ఎకరాలు, సొంతం," అని చదివి ఆగింది ఆ అమ్మాయి. తలెత్తలేదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయన వీధి వైపు ఒకసారి చూసి అరుగు మీద కూర్చున్నాడు.

"అది కొట్టేయమ్మా," అన్నాడు. "ఎకరానికి ఎన్ని బస్తాలో చెబుతా, రాసుకో."