నాన్నగారి జనతా గడియారం

ధర్మవరం, మంగళవారం పొద్దున్న

నాన్నగారికి,

రాత్రి పై బెర్తు ఎక్కుతుంటే మీ హెచ్.ఎం.టి. జనతా బెర్తు గొలుసుకు గట్టిగా తగిలింది. పన్నెండు దగ్గర్నుంచి నాలుగు దాకా గ్లాసు పగిలింది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుటిక్కుమంటూనే ఉంది. అప్పుడుగాని నా ప్రాణం కుదుటపడలేదు. ఎదురు సీటాయన సూపర్ గ్లూ రాసెయ్యమన్నారు. దాని ఆవిరి లోపల తెల్లటి పొరలా పేరుకుంటుందని ఒప్పుకోలేదు. తేమా దుమ్మూ చేరకుండా టేపు అంటించి, చేతిరుమాల్లో చుట్టి పెట్టాను. ముల్లు దేనికైనా తగులుతుందేమోనని కీ ఇవ్వడం మానేశాను.

బెంగళూరు, బుధవారం రాత్రి

చిక్‌పేట దగ్గర సందులో, తెలుగు మాట్లాడే ఒక పెద్దాయన దొరికారు. కంటికి భూతద్దం బిగించుకుని వెనక మూత తీశారు. కీ ఊడదీసి, డయలూ ముళ్ళతో సహా మిషను బయటికి తీసి, దాని మీద చిన్న గాజు గిన్నె బోర్లించారు. కేసు లోపలి నుంచి బొటనవేలితో నొక్కితే పాత గ్లాసు ఊడొచ్చింది. దాని గాడి నిండా నల్లటి మురికి. ఇన్నేళ్ళ మీ చెమట.

మనం గ్లాసు అంటాం గాని అది అక్రిలిక్. మిల్లీమీటరులో పదోవంతు తేడాలతో సైజులుంటాయట. మొదట పెట్టింది వేలితో తిప్పితే తిరిగింది. దానికన్నా ఒక సైజు పెద్దది తీశారు. చుట్టూ సన్నటి గోళ్ళున్న పనిముట్టుతో దాని అంచు పట్టి బిగిస్తే, మధ్యలో ఉబ్బి చుట్టుకొలత తగ్గింది. గాడిలో కూర్చోబెట్టి వదిలారు. దానంతటదే సాగి బిగుసుకుంది. జిగురు చుక్క వాడలేదు.

గీతలు తేలిగ్గా పడని అసలు అద్దమే వేయమన్నాను. "వద్దమ్మా. అద్దం పగిలితే ఆ పొడి మిషనులో పడుతుంది. దీని మీద గీతలు పడితే పాలిష్ పేస్టుతో రుద్దుకో, పోతాయి" అన్నారు.

కొత్తగా రంగు వేసిన డయలొకటి కూడా చూపించారు. వద్దన్నాను. ఆరు అంకె పక్కన ఉన్న మరక, నారుమడిలో మీరు వానకు తడిసిన నాటిది.

బెంగళూరు, గురువారం సాయంత్రం

జాలహళ్ళిలో హెచ్.ఎం.టి. మ్యూజియం చూసి వచ్చాను. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో ఈ ఊళ్ళోనే మన గడియారాలు మొదలయ్యాయి. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. మీ చేతిదాని లాంటి మిషను ఇక కొత్తగా తయారు కాదు. గ్లాసుదేముంది, ఎన్నిసార్లు పగిలినా మార్చుకోవచ్చు. దెబ్బ తను కాయడానికే అది పైన ఉంది.

ఆదివారం తెచ్చి మీ చేతికే పెడతాను. మళ్ళీ పగులుతుందని బీరువాలో దాచకండి నాన్నా. రోజూ పొద్దున్నే కీ ఇచ్చి పెట్టుకోండి. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం తీసి గూట్లో పెట్టండి.

మీ పద్మ